ఎనభై ఎనిమిదో పట్టిక

ప్రెస్సులో అందరూ అతన్ని నిండుపేజీ అనే పిలిచేవారు. ఇరవై ఆరేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని పుస్తకాలకు పేజీలు కట్టడం అతని పని. పేజీలో ఎక్కడైనా కాస్త తెల్లజాగా మిగిలితే అతనికి ఒళ్లంతా దురద పుట్టేది. ఒక వరస సాగదీసో, ఒక బొమ్మ పెంచో, అక్షరాలను అటూ ఇటూ జరిపో ఆ జాగా పూడ్చేదాకా టీ కూడా ముట్టేవాడు కాదు. యజమాని ఆ పేజీ చేతిలోకి తీసుకుని "చూడండయ్యా, పనంటే ఇదీ" అని మిగతావాళ్లకు చూపించేవాడు. ఆ మెచ్చుకోలే చివరికి కొంప ముంచింది. మునిగింది అతని కొంప ఒక్కటే అయితే ఈ సంగతి మీకు చెప్పేవాణ్ణే కాదు.

అతనికి ఒక అక్క. తల్లి పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆవిడే. పెళ్లి మాటెత్తితే "నాకు వార్డు నిండా పిల్లలే" అని నవ్వేసి ఊరుకునేది. పసిపిల్లల వార్డులో నలభై ఏళ్లు నర్సుగా చేసి, పెద్ద సిస్టర్ అనిపించుకుని రిటైరైంది. మారుమూల ఆరోగ్య కేంద్రాల్లో డాక్టరు ఉన్నా లేకున్నా మంచం పక్కన నిలబడేది నర్సే కదా, ఆ నర్సు చేతిలో తన భాషలో ఒక పుస్తకం లేదే అన్నది ఆవిడ బాధ. లావుపాటి వైద్య పుస్తకాల్లో అంతా మిల్లీగ్రాముల లెక్క. కేంద్రంలో ఉండేవి ఒక సీసా, ఒక డ్రాపరు, ఒక చెంచా. ఏ సీసాలో మందు ఎంత చిక్కగా ఉంటుంది, ఏ డ్రాపరులో చుక్క ఎంత పడుతుంది, ఎంత బరువున్న బిడ్డకు ఎన్ని చుక్కలు అన్నది ఆవిడ పన్నెండేళ్లు తన చేత్తో కొలిచి రాసుకుంది. మొత్తం నూట నలభై పట్టికలు. రాసింది అక్క, పేజీలు కట్టింది తమ్ముడు. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉండాలని ఆవిడ పట్టుబడితే "నా పేరెందుకక్కా" అంటూనే లోలోపల ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

పుస్తకం అచ్చయి కేంద్రాలన్నిటికీ చేరింది. నాలుగు నెలలకు ఎక్కడో దూరాన ఉన్న కేంద్రం నుంచి, అక్క దగ్గర పాఠాలు నేర్చుకున్న ఒక చిన్న నర్సు ఫోన్ చేసింది.

"అమ్మా, నలభై ఒకటో పట్టికలో రెండు కిలోల బిడ్డకు కూడా మోతాదు వేసి ఉందమ్మా. రెండున్నర లోపు బిడ్డకు ఈ మందు అసలు ఇవ్వకూడదని మీరు క్లాసులో వంద సార్లు చెప్పారు. డ్రాపరులోకి ఎక్కించేశాను గానీ ఎందుకో చెయ్యి ఆడలేదు."

"పారబొయ్యి" అంది అక్క. "ఇప్పుడే, ఫోన్ పెట్టకుండా పారబొయ్యి. పారబోశావా?"

అవతల నీళ్ల చప్పుడు విన్నాకే ఆవిడ ఫోన్ పెట్టేసింది. తర్వాత పుస్తకం తెరిచి, ఆ పట్టిక వైపు చాలాసేపు చూసి, తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరేయ్, ఇక్కడ పైన ఖాళీ గడి ఉండాలి. ఏమైంది?"

అతను చూశాడు. ఆవిడ రాతలో ఖాళీ గడి అంటే ఆ బరువు బిడ్డకు మందు ఇవ్వకూడదని అర్థం. చివరి ప్రూఫులో ఆ ఖాళీలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఆవిడ సంతకం పెట్టింది కూడా. సంతకం అయ్యాక, అచ్చుప్లేటు తీయడానికి పంపే ముందు, ఇతగాడు ఒక్కసారి అందంగా సర్దాడు. పైన ఖాళీ గడి కనిపించినచోట కింది అంకెలను ఒక మెట్టు పైకి లాగి, అడుగున మిగిలిన ఖాళీ వరసను కత్తిరించేశాడు. పట్టిక నిండుగా, ముచ్చటగా తయారైంది. ప్రతి బిడ్డకూ తనకన్నా బరువైన బిడ్డ మోతాదు వచ్చిపడింది.

"ఎన్ని పట్టికల్లో చేశావు?"

"గుర్తులేదక్కా."

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త నయంగా ఉండేది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, కేంద్రాల ఫోన్ నంబర్లున్న నోటుబుక్కు తీసింది. రెండు రోజులు అన్నిచోట్లకూ ఫోన్లు చేసి "పుస్తకం మూసి పెట్టండి, పట్టికలు చూడకండి" అని చెప్పింది. కొన్నిచోట్ల ఎత్తారు, కొన్నిచోట్ల ఎత్తలేదు. ఎత్తనివాళ్ల దగ్గర ఏం జరుగుతోందో ఆలోచిస్తే అతనికి ముద్ద దిగేది కాదు.

సరిచేయాలంటే మూలం కావాలి. ఆవిడ చేతిరాత కాగితాలు ఎక్కడ? ప్రెస్సులో ఒక అలవాటుంది. పుస్తకం అచ్చయి బయటికి వెళ్లగానే చేతిరాత కాపీలూ ప్రూఫులూ కట్టలు కట్టి చిత్తుకాగితాల బండికి ఎత్తేస్తారు. ఆ కట్టకు తాడు బిగించింది కూడా ఇతనే. అసలైన లెక్క ఇక ఒకే ఒక్కచోట ఉంది, ఆవిడ తలలో.

ఆ తలలోనే గడ్డ లేచింది.

ఫోన్ల హడావిడి సద్దుమణగకముందే ఆవిడ చేతిలోంచి చెంచా జారిపడటం మొదలైంది. ముందు చెంచా, తర్వాత పెన్ను. స్కాన్ తీశారు. ఆ డాక్టరు కుర్రతనంలో ఆవిడ వార్డులోనే సూది వేయడం నేర్చుకున్నవాడు. ఫిల్ము వెలుగుకు పెట్టి చూస్తూ, ఆవిడ మొహంలోకి చూడలేక గోడతో చెప్పినట్టు చెప్పాడు.

"సిస్టర్, మీ దగ్గర దాచలేను. కత్తి పెట్టే చోటు కాదు. రెండు నెలలు, మహా అయితే మూడు నెలలు మాట తిన్నగా ఉంటుంది. తర్వాత ఒక్కొక్క మాటా పోతుంది."

"అంకెలు?" అంది ఆవిడ.

"అవీ పోతాయి."

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని, తమ్ముడి భుజం పట్టుకుని, "రెండు నెలలంటే అరవై రోజులు. రోజుకు మూడు పట్టికలు చేసినా సరిపోతుందిరా. పద" అంది. చావు కబురు విన్న మనిషి రోజుకెన్ని పట్టికలో లెక్కేస్తోంది.

పెన్నుతో అచ్చు పుస్తకం మీదే దిద్దుకోవచ్చు కదా అని మీరడగొచ్చు. మొదట అదే చేశారు. ఎనిమిది పట్టికలు దిద్దేసరికి బాణం గుర్తులూ కొట్టివేతలూ కలిసిపోయి, మర్నాడు చూస్తే ఏ అంకె ఎటు జరిగిందో ఇద్దరికీ తెలియలేదు. "కొట్టేసిన అంకెను నర్సు నమ్మకూడదు. శుభ్రంగా కొత్తగా అచ్చుతీసి ఇవ్వాలి. అదీగాక ఈ సన్నచ్చు నాకు ఆనడం లేదు" అంది ఆవిడ. కంప్యూటర్లో పట్టిక తెరిచి, అంకెలు పెద్దవి చేసి, ఆవిడ కళ్లముందు ఒక్కొక్క గడీ సరిచేయాలి. వేరే దారి లేదు.

ఇక్కడ రెండో దెబ్బ తగిలింది. అతని పాత కంప్యూటర్ పుస్తకం అచ్చయిన నెలకే కాలిపోయింది. ఫైళ్లు డిస్కులో భద్రంగానే ఉన్నాయి, వాటిని తెరిచే సాఫ్ట్‌వేరే లేదు. పేజీలు కట్టే ఆ పాత సాఫ్ట్‌వేర్ ఎప్పుడో ఒక సీడీల దుకాణంలో కొన్న దొంగకాపీ. కొత్త మిషను దాన్ని దగ్గరికి రానివ్వలేదు. మరో దాంట్లో తెరిస్తే అక్షరాలన్నీ ఇంగ్లీషు ముక్కలై, అర్థంపర్థం లేని చెత్తగా కనిపించాయి. ఎందుకంటే పాత ఫాంట్లలో మన అక్షరం అక్షరంగా ఉండేది కాదు, ఇంగ్లీషు అక్షరానికి మన అక్షరం వేషం వేసి నడిపించేవారు. ఫాంటు పోతే వేషం ఊడిపోతుంది. ప్రెస్సుకు పంపిన ఫైలు తెరుచుకుంది గానీ అందులో అక్షరాలన్నీ గీతలుగా మార్చేసి ఉన్నాయి. చూడొచ్చు, ఒక్క అంకె ముట్టుకోలేరు. అచ్చుకు పంపేవాళ్లందరూ అలాగే చేస్తారు, అతనూ చేశాడు.

అప్పుడు బుద్ధున్నవాడైతే ఏం చేయాలి? ఉన్న మిషనులో, దొరికిన దాంతో, ఆ పూటే మళ్లీ కొట్టడం మొదలుపెట్టాలి. మనవాడు అలా చేయలేదు. ఆ పాత సాఫ్ట్‌వేర్ కోసం కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాడు. మూసేసిన దుకాణాలవాళ్ల ఇళ్లకు వెళ్లాడు. ఒకడు ఇచ్చిన సీడీ గీతలు పడి ఉంది. ఇంకొకడు ఇచ్చినదాంతో వైరస్ వచ్చింది, మిషను తుడిచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీయే కొత్త రకం అద్దెకు ఇస్తుందని ఒక షాపాయన చెబితే, అదైనా పాత ఫైలు తెరుస్తుందా అని అడిగాడు. తెరవదన్నాడు.

"ఏమండీ, ఇంకోటేదైనా లేదా?" అని భార్య అడిగితే ఒంటికాలి మీద లేచాడు. "ఏ మీట మీద ఏ అక్షరమో, నా వేళ్లకు ఆ పాత కీబోర్డు వరస తప్ప ఇంకోటి రాదే! ఇరవై ఆరేళ్ల అలవాటు. ఈ వయసులో కొత్తది నేర్చుకునేలోపు అక్క ఉంటుందా?"

ఇలా మూడు వారాలు పోయాయి. ఆవిడకున్న తొమ్మిది, పది మంచి వారాల్లో మూడు! ఆ మూడు వారాలూ ఆవిడ పొద్దున్నే స్నానం చేసి, కళ్లజోడు తుడుచుకుని, కుర్చీలో కూర్చుని ఎదురుచూసింది. అతను సాయంత్రం వాడిపోయిన మొహంతో వస్తే "దొరికిందా?" అని అడిగి, లేదంటే లేచి లోపలికి వెళ్లిపోయేది. అతని మీద ఎంత జాలి ఉన్నా, ఈ మూడు వారాల దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్లు మండుతుంది.

చివరికి భార్యే ఉచితం మాస్టారుకు కబురుపెట్టింది. ఆయన కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేసి రిటైరైన పెద్దాయన. లినక్స్ అనీ లిబ్రే ఆఫీస్ అనీ డబ్బు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్ల సీడీలు సంచీనిండా వేసుకుని "ఉచితంగా వాడుకోండి, పదిమందికీ పంచుకోండి" అని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. పదేళ్ల కిందట ప్రెస్సుకూ వచ్చాడు. "ఊరికే ఇస్తున్నారంటే ఏదో మతలబు ఉంటుంది మాస్టారూ" అని నిండుపేజీ నలుగురిలో నవ్వి పంపేశాడు. తను వాడుతున్నది దొంగసరుకన్న సంగతి ఆ నవ్వులో ఎవరికీ గుర్తు రాలేదు.

మాస్టారు గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే అతనికి మొహం చెల్లలేదు. ఆయన అదేమీ పట్టించుకోకుండా, "ధర ఏం పెరగలేదులేవయ్యా, అప్పటి ధరే" అని లోపలికి వచ్చాడు.

అక్క కుర్చీలో నిటారుగా కూర్చుని, కొత్త మందు అమ్మడానికి వచ్చినవాణ్ణి అడిగినట్టు అడిగింది.

"మాస్టారూ, ఇది చిన్న కేంద్రాల్లో ఉండే ముసలి మిషన్లలో తెరుచుకుంటుందా?"

"తెరుచుకుంటుందమ్మా."

"నెట్ లేకపోతే?"

"నెట్‌తో పనే లేదు."

"తయారుచేసినవాళ్లు రేపు దుకాణం కట్టేస్తే?"

"దీని లోపలి రాత అంతా బయటే ఉంటుందమ్మా, ఎవరైనా చదవొచ్చు, బాగుచేయొచ్చు. వీళ్లు మానేస్తే ఇంకొకరు నడుపుతారు. ఫైలు ఎలా రాయాలో కూడా అందరికీ తెలిసిన పద్ధతే. ఇది కాకపోతే ఇంకోటి తెరుస్తుంది."

"నా పిల్లలు తెరుచుకుని తప్పుంటే దిద్దుకోవచ్చా? నన్నూ వీణ్ణీ అడక్కుండా?"

"దిద్దుకోవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏం దిద్దారో రాసిపెట్టుకోనూవచ్చు."

"అయితే ఇదే" అందావిడ. "తాళంచెవి ఇంకొకరి దగ్గరుండే అలమారలో మందు పెట్టకూడదురా. అవసరమైనప్పుడు వాడు ఊళ్లో ఉండడు."

పట్టికలకు లిబ్రే ఆఫీసులో గడులు గడులుగా ఉండే భాగం చాలు, పేజీలు కట్టడానికి వేరేది తర్వాత చూసుకోవచ్చు, ముందు అంకెలు కాపాడుకోండి అన్నాడు మాస్టారు. అన్నీ ఎక్కించి, కీబోర్డు వరసల జాబితా తెరిచాడు. "నువ్వు కొట్టే వరస ఏదయ్యా?" అని అడిగితే అతను గొణుగుతూ చెప్పాడు. మాస్టారు వేలితో జాబితా కిందికి జరుపుతూ ఒకచోట ఆగాడు.

"ఇదిగో, ఉందిగా! నీలాగా వేళ్లు అలవాటు పడిపోయినవాడెవడో కూర్చుని రాసిపెట్టాడు."

నిండుపేజీ అక్క పేరు కొట్టి చూశాడు. వేళ్లు వాటంతటవే నడిచాయి. అతను భయపడి పారిపోయిన అడ్డంకి అసలు లేనే లేదు. ఉందో లేదో అడగడానికి కూడా సిగ్గుపడి ఇరవై ఒక్క రోజులు తగలేశాడు. కీబోర్డు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తెర మీద ఏదో ఒకే అక్షరం వరసలు వరసలుగా పడుతూ పోయింది.

"లేవరా" అంది అక్క. "టైము పోతోంది."

ఆ రోజే మొదలుపెట్టారు. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా ఆవిడ తల తేటగా ఉండేది, తర్వాత నొప్పి. ఆ రెండు గంటలే పని. పద్ధతి వార్డుదే. అతను అచ్చు పుస్తకంలోంచి ఒక గడి చదువుతాడు, ఆవిడ సరైనదేదో చెబుతుంది, అతను కొడతాడు, కొట్టింది తిరిగి చదువుతాడు, ఆవిడ తన నోటితో తిరిగి చెబుతుంది. ఇద్దరి మాటా ఒకటైతేనే తర్వాతి గడి. ఖాళీ గడి ఒక్కటీ వదలవద్దంది ఆవిడ. ప్రతి ఖాళీలోనూ "ఇవ్వకూడదు" అని రాయించింది. ఆవిడ ఎక్కడ అడ్డు చెప్పినా, ఆ గడి పక్కన తేదీతో సహా గమనిక పెట్టమని మాస్టారు నేర్పించి వెళ్లాడు.

అడ్డు చెప్పడమంటే మామూలుగానా! "తప్పు! ఆరు చుక్కలు కాదు నాలుగు." "తప్పు! ఆ సీసా చిక్కన, మర్చిపోయావా?" "ఎవడ్రా నీకు చదువు చెప్పింది?" "నువ్వేనక్కా." "అయితే నన్నే అనాలి." ముప్పై పట్టికలు దాటేసరికి అంకెలు జరిగిపోయినవి పదకొండు తేలాయి. ఒక్కొక్కటి బయటపడినప్పుడల్లా అతనికి ప్రాణం చచ్చిపోయేది, ఆ పట్టిక చూసి ఎవరైనా ఎక్కడైనా మందు వేసి ఉంటారేమోనని. ఆవిడ మాత్రం "ఏడుపు తర్వాత, ముందు కొట్టు" అనేది.

యాభై దాటాక మాటలు జారడం మొదలైంది. చెంచాను దువ్వెన అంది. మరదల్ని "ఏమ్మా డ్యూటీకి కొత్తగా వచ్చావా?" అని అడిగింది. మరదలు వంటింట్లోకి వెళ్లి నోట్లో కొంగు కుక్కుకుంది. ఒక పొద్దున కుర్చీలో కూర్చుని, కిటికీ వైపు చూస్తూ "ఇది ఏ వార్డు?" అంది. అంకెల దగ్గర మాత్రం చెక్కు చెదరలేదు. దువ్వెనకు ఎన్ని చుక్కలో సరిగ్గా చెప్పేది. నిండుపేజీ పట్టికల మధ్యలో తెలియని దేవుళ్లందరికీ మొక్కేవాడు, చెంచా పేరు పోతే పోనీ, చుక్కల లెక్క ఉంచమని.

రోజుకు మూడు పట్టికలు రెండయ్యాయి, రెండు ఒకటైంది. ఒక వారమంతా తలనొప్పితోనే గడిచిపోయింది. ఆ తర్వాత విచిత్రంగా పని ఊపందుకుంది. తొంభై దాటాక రోజుకు నాలుగు పట్టికలు అవసాగాయి. గొడవ లేదు, తిట్లు లేవు. అతను చదవడం, ఆవిడ చెప్పడం, సాఫీగా సాగిపోయింది. "వదిన తేరుకుంటోందండీ" అంది భార్య. అతనూ నమ్మాడు. ఆ మూడు నాలుగు రోజులు అతను కడుపునిండా తిన్నాడు. ఇలాగే సాగితే పది రోజుల్లో అయిపోతుందని మాస్టారుకు ఫోన్ చేసి చెప్పాడు కూడా.

నూట మూడో పట్టిక దగ్గర అతని కన్ను పొరపాటున నాలుగైదు వరసల కిందికి జారింది. నాలుగు కిలోల బిడ్డకు తొమ్మిది కిలోల మోతాదు చదివేశాడు. వెంటనే నాలుక కరుచుకుని, తిట్టు కోసం తల వంచుకుని కూర్చున్నాడు.

"నాలుగు కిలోల బిడ్డకు రెండు చెంచాలు" అంది అక్క, గట్టిగా, స్పష్టంగా. "ఊ, తర్వాత?"

అతను తెర మీంచి చూపు తిప్పి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ శ్రద్ధగా, కళ్లజోడు సర్దుకుని, తర్వాతి దాని కోసం కాచుకుని ఉంది.

"ఐదు కిలోల బిడ్డకు పది చెంచాలు" అన్నాడు, కావాలనే.

"ఐదు కిలోల బిడ్డకు పది చెంచాలు."

"మూడు కిలోల బిడ్డకు సీసా మొత్తం."

"మూడు కిలోల బిడ్డకు సీసా మొత్తం. ఊ, తర్వాత?"

నలభై ఏళ్లు వార్డును నడిపిన గొంతే అది. ఆ గొంతులో అక్క లేదు.

"ఇవాళ్టికి చాలక్కా" అని ఆవిణ్ణి పడుకోబెట్టి వచ్చి కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. ఎప్పటి నుంచి ఇలా? నిన్నటి నుంచా, మొన్నటి నుంచా? ఆవిడ నోటినుంచి వచ్చినవాటిలో ఏది లెక్క, ఏది తన మాటకే మారుపలుకు? తెలిసే దారి ఒక్కటే ఉంది. ఆవిడ చివరిసారి తనను తిట్టింది ఎప్పుడు? గమనికలన్నీ ఒక్కొక్కటీ వెనక్కి తిప్పుకుంటూ వెళ్లాడు. నూట మూడు నుంచి తొంభై దాకా ఒక్కటీ లేదు. ఎనభై తొమ్మిదిలోనూ లేదు. ఎనభై ఎనిమిదో పట్టికలో, నాలుగో వరసలో, తొమ్మిది రోజుల కిందటి తేదీతో ఉంది. "తప్పు. ఎనిమిది కాదు ఆరు. కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా అంది" అని, అప్పుడు తను నవ్వుకుంటూ కొట్టి పెట్టుకున్నదే.

భార్య వెనక వచ్చి నిలబడింది. విషయం చెప్పాడు.

"ఆ తర్వాతి పదిహేనూ సరిగ్గానే ఉండొచ్చు కదండీ?"

"ఉండొచ్చు."

"మరి?"

"ఉండొచ్చు అని పసిబిడ్డ నోట్లో పొయ్యలేం కదే."

ఆ పదిహేను పట్టికల్లోని అంకెలన్నీ తీసేశాడు. ఎనభై తొమ్మిది తలకట్టున ఎర్ర అక్షరాలతో రాశాడు: "ఇక్కడి నుంచి ఎవరూ సరిచూడలేదు. ఎవరైనా మళ్లీ కొలిచి, ఇద్దరు సరిచూసి నింపేదాకా వాడకండి. అచ్చు పుస్తకంలో అంకెలు తప్పుగా పడటానికి కారణం పేజీలు కట్టినవాడు, రాసినావిడ కాదు." మూడోసారి చదువుకుని, చివరి మాట కింద తన పేరు పెట్టాడు. ఆ ఫైలును కేంద్రాలన్నిటికీ, అందరికన్నా ముందు ఆ మందు పారబోసిన చిన్న నర్సుకూ పంపాడు. ఆ అమ్మాయి గంటలోపే ఫోన్ చేసింది.

"తెరుచుకుందన్నా, మా డొక్కు మిషనులో కూడా! ఎనభై ఎనిమిది దాకా అచ్చుతీసుకుంటున్నాం. మిగతావి అమ్మ ఎప్పుడు చెబుతారు?"

"ఉన్నవాటినే జాగ్రత్తగా వాడుకోండమ్మా" అన్నాడు అతను. ఆ పిల్ల నర్సు కదా, ఆ మాటతోనే ఆమెకు అర్థమైంది. అవతల ఏడుపు వినిపించింది. యాభై రెండు పట్టికలు. పన్నెండేళ్లు ఒక మనిషి కొలిచి పెట్టుకున్న దాంట్లో మూడో వంతుకు పైగా, పక్క గదిలో మంచం మీద, కళ్లు తెరుచుకునే ఉంది. తీసుకోవడానికి దారి లేదు. ఆ మూడు వారాలుంటే అన్నీ అయిపోయేవి. ఈ లెక్క అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

మర్నాడు తొమ్మిదింటికి, అతను మిషను తెరవకుండా ముందుగదిలో కూర్చుని ఉంటే, లోపల్నుంచి కుర్చీ జరిపిన చప్పుడైంది. వెళ్లి చూశాడు. అక్క తన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. కళ్లజోడు పెట్టుకుంది. జుట్టు ఎవరు దువ్వారో, నున్నగా దువ్వి ఉంది.

"ఎక్కడ తిరుగుతున్నావురా? ఇంకా ఎన్ని మిగిలాయి?"

"ముప్పై ఏడు అక్కా."

"ముప్పై ఏడా! టైము లేదు, నీకేమో నిదానం. అవయ్యేదాకా నాకు నిద్ర పట్టదు. రా, చదువు."

గుమ్మం దగ్గర భార్య వద్దన్నట్టు తల ఊపింది. అతను వెళ్లి తన చోట కూర్చున్నాడు. అచ్చు పుస్తకం తీసి, నూట నాలుగో పట్టిక దగ్గర తెరిచి, మొదటి వరస మీద వేలు పెట్టాడు.

"మూడు కిలోల బిడ్డకు ఐదు చుక్కలు."

"మూడు కిలోల బిడ్డకు ఐదు చుక్కలు" అంది ఆవిడ. "కొట్టావా?"

"కొట్టానక్కా" అన్నాడు. చేతులు రెండూ ఒళ్లోనే పెట్టుకుని, తర్వాతి వరస చదివాడు.